కట్టర్ సగంలో ఆగిపోతోంది, కాగితం పక్కకు జరుగుతోంది: ప్లాటర్ తెలిసినవాళ్లు చెప్పండి

ప్లాన్ల_షాపు_కావలి

కావలిలో ఇళ్ల ప్లాన్లు, లేఅవుట్లు, పొలం పటాలు ప్రింటు తీసే చిన్న షాపు మాది. 36 అంగుళాల ఇంకు ప్లాటర్ ఉంది, అంటే రోలు కాగితం మీద పెద్ద పటాలు తీసే ప్రింటరు. వారంటీ ఎప్పుడో దాటిపోయింది. రెండు తలనొప్పులు ఒకేసారి వచ్చి పడ్డాయి.

ఒకటి, కట్టర్, అంటే ప్రింటు అయ్యాక కాగితాన్ని అడ్డంగా కోసే భాగం. ప్రింటు చక్కగా పూర్తవుతుంది. కట్టర్ ఎడమ చివర నుంచి బయలుదేరుతుంది, కుడివైపు జానెడు కాగితం మిగిలి ఉండగానే ఠక్కున ఆగిపోతుంది. తెర మీద ఎర్ర గుర్తు వెలుగుతుంది. ఇక యంత్రం ఆపి, మూత తీసి, చేత్తో వెనక్కి జరిపి, మిగిలిన ముక్క కత్తెరతో కోయాలి. కత్తెర కోత తిన్నగా రాదు కదా, తర్వాతి ప్రింటుకు 'కాగితం వంకరగా ఉంది, మళ్లీ పెట్టండి' అంటుంది.

రెండు, కాగితం జరగడం. ఏ1 సైజు వరకు ఏ గొడవా లేదు. రెండు మీటర్లు దాటిన లేఅవుట్ తీస్తే కాగితం మెల్లగా కుడికి జరిగి, అంచు మడతపడి, లోపల నలుగుతోంది.

సర్వీసు మనిషిని పిలిపించాను. మూత పూర్తిగా ఎత్తకుండానే కట్టర్ యూనిట్ మొత్తం మార్చాలన్నాడు, 18 వేలు చెప్పాడు. చూసినందుకు వేరే తీసుకున్నాడు. ఆ డబ్బు పెట్టేముందు ఇక్కడ అడుగుదామని రాస్తున్నాను.

కర్నూలు_రోడ్డు

బ్లేడు మొద్దుబారింది. మార్చేయండి. రెండో సమస్య అదే పోతుంది.

పెన్న_గట్టు

బ్లేడుకూ కాగితం జరగడానికీ సంబంధం ఏమిటి? ప్రింటు జరుగుతున్నంతసేపూ కట్టర్ తన మూలలో నిద్రపోతుంటుంది.

కర్నూలు_రోడ్డు

కోత వంకర పోతే తర్వాతి షీటు వంకరగా ఎక్కుతుంది. వంకరగా ఎక్కింది వంకరగానే నడుస్తుంది. ఇందులో అర్థం కానిది ఏముంది?

పెన్న_గట్టు

అలాగైతే ఏ1 కూడా వంకర రావాలి. ఆయన ఏ1 బాగానే వస్తోందన్నారు. పోస్టు పూర్తిగా చదివి జవాబు రాస్తే బాగుంటుంది.

మరమ్మతుల_మావయ్య

ఇద్దరూ కాసేపు ఆగండి.

కావలి మిత్రమా, కట్టర్ ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందా, ఒక్కోసారి ఒక్కో చోటా? ముందు అది తేలాలి. స్కేలు పెట్టి కుడి అంచు నుంచి కొలిచి చెప్పండి. ఎప్పుడూ ఒకే చోట ఆగితే బ్లేడును అనుమానించనక్కర్లేదు. దారిలో ఏదో అడ్డం ఉంది: కట్టర్ నడిచే పట్టాలో చెత్త, సొట్ట, బెల్టు పన్ను అరగడం, ఏదైనా కావచ్చు. చోటు మారుతూ ఉంటే అప్పుడు బ్లేడు, లేదా కాగితం. ప్రతిసారీ మొదట్లోనే, అంటే కాగితం అంచు దగ్గరే తడబడితే, అంచు పైకి లేచి ఉంటుంది. బ్లేడు దాని మీదికి ఎక్కలేక ముందుకు తోస్తుంది.

ఇంకొకటి. ఏమీ ప్రింటు చేయకుండా మెనూలోంచి ఉత్త కాగితం ముందుకు నడిపి కోయించండి. ఉత్త కాగితం శుభ్రంగా తెగి, ప్రింటు తర్వాతే చిరిగితే, ఇంకు ఆరకముందే కోస్తోందని అర్థం. రంగు దట్టంగా నింపిన లేఅవుట్లకు ఇది మామూలే. తడి కాగితం తెగదు, చిరుగుతుంది. ఆరే సమయం పెంచుకోవాలి.

మూడోది, రోలు మార్చి చూడండి. వేరే పెట్టెలోది, వీలైతే వేరే కంపెనీది.

ఈ మూడూ చేయకుండా 18 వేలు ఎవరికీ ఇవ్వకండి. నా అనుభవంలో కట్టర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా కాగితం నడకలో లోపాలే. మీ రెండు తలనొప్పులూ నిజానికి ఒకటే అని నా గట్టి నమ్మకం. కాగితం కుడికి జరుగుతోంది, కుడి అంచు మడతపడుతోంది, కట్టర్ వచ్చి ఆ మడతకు గుద్దుకుని ఆగుతోంది. అది కూడా కుడి చివరే కదా!

ఫ్లెక్సీ_కందుకూరు

మా పది అడుగుల మిషన్‌కు కట్టర్ సమస్యే లేదు. కట్టర్‌కు రోజూ టీ, టిఫిను పెట్టి నెలకు జీతం ఇస్తాను. మాట మాత్రం వినడు.

కర్నూలు_రోడ్డు

మీ కుర్రవాడు ఈ పోస్టు చదివితే రేపటి నుంచి బ్యానర్లు మీరే కోసుకోవాలి.

మాగుంట_లేఅవుట్

నెల్లూరులో ఆర్కిటెక్ట్ ఆఫీసు మాది. కాగితం జరగడం గురించి చెబుతాను, కట్టర్ సంగతి నాకు అంతగా తెలియదు.

మాకు ప్రతి ఏటా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఇదే గోల. మన వైపు వానలన్నీ ఈశాన్య రుతుపవనాల్లోనే కదా. గాలిలో తేమ పెరిగితే రోలు రెండు అంచులూ ముందుగా తేమ పీల్చుకుని సాగుతాయి, మధ్య భాగం అలాగే ఉంటుంది. దాంతో అంచులు అలలు అలలుగా లేస్తాయి. ఆ అలలు ఒకసారి ఇంకు చిమ్మే హెడ్‌కు తగిలి నల్లటి చారలు పడతాయి, ఇంకోసారి కాగితాన్ని నొక్కి పట్టే పించ్ రోలర్ కింద మడతపడతాయి. ఎండాకాలంలో రాత్రింబవళ్లు ఏసీ నడిచే గదిలో దీనికి వ్యతిరేకం: అంచులు బిగుసుకుపోయి మధ్యలో ఉబ్బుతుంది.

మేము చేసేది పెద్ద విద్యేమీ కాదు. వాడని రోలును అది వచ్చిన ప్లాస్టిక్ కవరులోనే మళ్లీ చుట్టి పెట్టడం. కొత్త రోలును గోడౌన్ నుంచి తెచ్చిన రోజే ఎక్కించకుండా ఒక రోజు ప్రింటరు గదిలో ఉంచడం. సాయంత్రం ఆఫీసు మూసేటప్పుడు ట్రేసింగ్ కాగితాన్ని యంత్రం నుంచి తీసేయడం. మామూలు బాండు కాగితం కంటే దానికి తేమ తగులుడు ఎక్కువ. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి గోడకు తగిలించాము. 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే ప్రింటరు నోరు మెదపదు.

ప్లాన్ల_షాపు_కావలి

మా షాపులో ఏసీ లేదమ్మా. రెండు ఫ్యాన్లు, ఒక కిటికీ. సముద్రం కూడా దూరమేమీ కాదు, గాలి తగులుతూనే ఉంటుంది.

మాగుంట_లేఅవుట్

అయితే కవరు మాత్రం తప్పనిసరి. కవరులో ఆ చిన్న తెల్ల పొట్లాలు వేయండి, తేమ పీల్చేవి. ఫ్యాను గాలి నేరుగా ప్రింటరు ముందు కాగితం మీద పడకుండా చూసుకోండి. కోసిన కాగితం కింద పడే సమయానికి గాలికి ఎగిరి కట్టర్ దారిలోకి వస్తుంది.

గెలాక్సీ_దుమ్ము

చీమకుర్తి నుంచి. గ్రానైట్ క్వారీల మ్యాపులు తీస్తాము. మా ఊళ్లో తేమ కంటే దుమ్ము పెద్ద శత్రువు. బ్లాక్ గెలాక్సీ రాయి ప్రపంచమంతా ఎగుమతి అవుతుంది, దాని పొడి మాత్రం మా ప్రింటర్లలోనే మిగులుతుంది.

రాతి పొడి రబ్బరు రోలర్ల మీద పేరుకుంటే పట్టు పోతుంది. ఒక పక్క రోలర్ గట్టిగా పట్టి, ఇంకో పక్క జారితే కాగితం తిన్నగా నడవక పక్కకు తిరుగుతుంది. కావలి మిత్రుడికి ఇదే జరుగుతుండవచ్చు. కాగితం పొడి కూడా తక్కువది కాదు, కట్టర్ కోసినప్పుడల్లా సన్నటి నూగు రాలుతుంది. ప్లేటెన్ మీద, అంటే హెడ్ కింద కాగితం పరుచుకునే పలక మీద, గాలి పీల్చే చిన్న రంధ్రాలు ఉంటాయి చూడండి, అవి పూడిపోతే కాగితం అతుక్కుని నిలబడదు.

కర్నూలు_రోడ్డు

రోలర్లకు థిన్నర్ పెట్టి తుడిస్తే కొత్తవాటిలా అవుతాయి.

మరమ్మతుల_మావయ్య

ఈ సలహా మాత్రం దయచేసి ఎవరూ పాటించకండి! థిన్నర్ రబ్బరును గట్టిపరుస్తుంది. మొదటి వారం బాగానే పట్టినట్టు ఉంటుంది, తర్వాత రోలర్ గాజులా మెరుస్తుంది, ఇక కాగితాన్ని పట్టనే పట్టదు. నీళ్లతో తడిపి బాగా పిండిన, నూగు రాలని గుడ్డ చాలు. చేత్తో రోలర్‌ను తిప్పుతూ చుట్టూ తుడవాలి, ఒక పక్కే తుడిచి వదిలేస్తే ప్రయోజనం లేదు. పూర్తిగా ఆరాకే కాగితం పెట్టాలి.

హెడ్ వెనుక అడ్డంగా సాగే సన్నటి పారదర్శక పట్టీ ఉంటుంది, ఎన్‌కోడర్ పట్టీ. దాన్నీ నీళ్ల గుడ్డతోనే, డిస్టిల్డ్ వాటర్ అయితే మరీ మంచిది, మెల్లగా తుడవాలి. దాని మీది గీతలు చెరిగితే హెడ్ ఎక్కడుందో యంత్రానికి తెలియదు. కొన్ని మోడళ్లలో కట్టర్‌ను లాక్కెళ్లేది హెడ్ క్యారేజీయే కాబట్టి, పట్టీ మీద మరక ఉన్నా కట్టర్ మధ్యలో ఆగుతుంది. మరికొన్నిట్లో కట్టర్‌కు వేరే మోటారు, వేరే బెల్టు. కావలి మిత్రమా, మీది ఏ రకం?

కర్నూలు_రోడ్డు

నేను ఏళ్ల తరబడి థిన్నరే వాడుతున్నాను. ఏమీ కాలేదు.

పెన్న_గట్టు

మీ ప్రింటర్‌ను ఒకసారి అడగాలి ఆ మాట.

పొదిలి_ప్రింట్లు

మా దగ్గర కుట్టు మిషన్ నూనె కట్టర్ పట్టాకు వేసే అలవాటు ఉండేది. రెండు రోజులు జారుడుబండే. మూడో రోజుకు ఆ నూనెకు కాగితం నూగు అంటుకుని నల్లటి జిగురు తయారవుతుంది. కంపెనీ పుస్తకంలో ఎక్కడ నూనె వేయమని ఉందో అక్కడే వేయాలి. కట్టర్ పట్టాకు చాలా మోడళ్లలో అసలు ఏమీ వేయనక్కర్లేదు.

ప్లాన్ల_షాపు_కావలి

అందరి మాటా విని పరీక్షలు చేశాను. వివరంగా రాస్తున్నాను.

కొలిచాను. కట్టర్ ప్రతిసారీ కుడి అంచు నుంచి సరిగ్గా ఒకే దూరంలో ఆగుతోంది. ప్రింటు లేకుండా ఉత్త కాగితం కోయించినా అక్కడే ఆగింది. కాగితం పూర్తిగా తీసేసి కోయించాలని చూశాను కానీ, కాగితం లేదని యంత్రం ఒప్పుకోలేదు. అప్పుడు యంత్రం ఆపేసి, ప్లగ్ తీసి, కట్టర్‌ను చేత్తో మెల్లగా జరిపాను. మా దాంట్లో కట్టర్‌కు వేరే బెల్టే. అదే చోటికి వచ్చేసరికి వేలికి చిన్న గతుకు తగిలింది. గట్టిగా తోస్తే దాటింది.

రోలు మార్చి, పక్క షాపు నుంచి తెచ్చిన రోలు పెట్టాను. మూడు మీటర్ల లేఅవుట్ తిన్నగా వచ్చింది. జరగలేదు. కానీ కట్టర్ మాత్రం మళ్లీ అక్కడే ఆగింది.

పెన్న_గట్టు

అంటే మావయ్య గారి 'రెండూ ఒకటే' సిద్ధాంతం కొట్టుకుపోయింది. రెండు వేర్వేరు రోగాలు.

మరమ్మతుల_మావయ్య

రోగాలు రెండైనా పరీక్ష మాత్రం నేను చెప్పిందే కదా. సిద్ధాంతం పోతే పోనీ, 18 వేలు మిగులుతున్నాయి.

కట్టర్ సంగతి: ఆ గతుకు దగ్గర టార్చిలైటు పక్క నుంచి వేసి చూడండి. పై నుంచి వేస్తే ఏమీ కనిపించదు. పట్టా గాడి లోపల ఉంటుంది. వేలు పెట్టకండి, బ్లేడు ఎక్కడుందో చూసుకోండి. ఆ గుండ్రటి బ్లేడు ఎంత పాతదైనా చర్మాన్ని కోయడానికి సరిపోతుంది.

కాగితం సంగతి: పాత రోలును కిందికి దించి, రెండు చివర్లా మధ్య గొట్టం చూడండి. అట్టగొట్టం నలిగి ఉందా?

నడవని_రోలు

గొట్టం గురించి నేను చెబుతాను, నా పేరే దాని వల్ల పెట్టుకున్నాను.

లారీలో రోళ్ల పెట్టెలు నిలువుగా విసిరేస్తారు. ఒక చివర గొట్టం లోపలికి నలుగుతుంది. ప్లాటర్ చక్రం, అదే ఆ నీలంరంగు పళ్లెం లాంటిది, గొట్టంలోకి పూర్తిగా దిగదు. ఒక రవ్వ సందు మిగులుతుంది. దాంతో రోలు ఇరుసు వంగిన బండి చక్రంలా ఊగుతూ తిరుగుతుంది. చిన్న ప్రింటులో తెలియదు. పొడుగు ప్రింటులో ప్రతి చుట్టుకూ రవ్వంత జరిగి జరిగి చివరికి అంచు మడతపడుతుంది.

దీన్ని కనిపెట్టడానికి ఒక ఉపాయం ఉంది. పొడుగు ప్రింటులో నలుగుడు, కుదుపు గుర్తులు ఎంతెంత దూరంలో పడుతున్నాయో కొలవండి. 50 మీటర్ల 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల) రోలు రెండంగుళాల గొట్టం మీద కొత్తగా ఉన్నప్పుడు చుట్టుకొలత సుమారు ఒక అడుగు. గుర్తులు అడుగుకొకటి చొప్పున పడితే తప్పు రోలుది. రోలు తరిగేకొద్దీ ఆ దూరమూ తగ్గుతుంది. అదే ఎప్పటికీ మారకుండా ఒకే దూరంలో పడితే తప్పు యంత్రంలోని రోలర్‌ది, అక్కడ ఏదో అతుక్కుని ఉంటుంది.

మాగుంట_లేఅవుట్

ఇది నాకు కొత్త సంగతి. మా ఇంటర్న్ పిల్లల చేత కొలిపిస్తాను.

ప్లాన్ల_షాపు_కావలి

మీ పేరు నిజమేనండీ! కుడి చివర గొట్టం నలిగి కోడిగుడ్డు ఆకారంలో ఉంది. పెట్టె మూల కూడా అదే పక్క చొట్టపోయి ఉంది, ఇప్పుడు చూస్తే తెలుస్తోంది. చక్రం బయటికి సన్నటి సందు కనిపిస్తూనే ఉంది.

కాగితం అమ్మిన వాళ్లకు ఫోను చేస్తే, రవాణాలో అయిందయ్యా, మాకేమిటి సంబంధం అన్నారు. రవాణా వాళ్లను అడిగితే ప్యాకింగ్ సరిగా లేదన్నారు.

ఫ్లెక్సీ_కందుకూరు

వాళ్లిద్దరూ వాదించుకునేలోపు ఆ రోలు మీద ఏ1 ప్రింట్లు తీసి అమ్ముకోండి.

నడవని_రోలు

గొట్టం లోపలికి అంతే లావున్న నున్నటి కర్ర దూర్చి మెల్లగా విచ్చదీస్తే కొంత దారికి వస్తుంది. కొట్టకండి, అట్ట చీలుతుంది. పూర్తిగా బాగుపడదు కానీ పొట్టి ప్రింట్లకు నడుస్తుంది. ఇకపై పెట్టె చొట్టపడితే దించుకోకముందే ఫొటో తీసి, బిల్లు మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి.

రోలు చివరి కొస గురించి కూడా ఒక మాట. కొన్ని రోళ్లలో కాగితం కొస గొట్టానికి జిగురుతో అతికించి ఉంటుంది. చివరి మీటరు దగ్గర యంత్రం లాగుతుంది, గొట్టం వదలదు. కాగితం అడ్డంగా చీలుతుంది, లేదా వంకర తిరుగుతుంది. పైగా చివర్లో చుట్టు బిగువు ఎక్కువ కాబట్టి కాగితం ముడుచుకుపోయి ఉంటుంది. ముఖ్యమైన ప్రింటును రోలు చివరికి వదలకండి.

పొదిలి_ప్రింట్లు

జామ్ అయినప్పుడు కంగారులో ముందు నుంచి లాగేవాళ్లు చాలామంది. యంత్రం ఆపి, మూత తీసి, హెడ్‌ను పక్కకు జరిపి, నొక్కుడు మీట ఎత్తి, రోలు పక్కన కత్తెరతో కోసి, అప్పుడు ముక్కలు బయటికి తీయాలి. లాగితే చిన్న ముక్క సెన్సరు కింద ఇరుక్కుని, లేని కాగితం ఉన్నట్టు రోజంతా చెబుతూనే ఉంటుంది.

గెలాక్సీ_దుమ్ము

కావలి మిత్రుడి కట్టర్ గతుకు ఏమైంది? కథ మధ్యలో వదిలేశారు.

ప్లాన్ల_షాపు_కావలి

వస్తున్నాను, కరెంటు పోయింది.

టార్చి పక్క నుంచి వేసి చూశాను. గాడిలో గోటిముక్కంత నల్లటి తునక అతుక్కుని ఉంది. చిమటాతో పట్టి లాగితే సాగింది. పారదర్శక టేపు ముక్క! కొత్త రోలు మొదటి పొర విడిపోకుండా అంటిస్తారు చూడండి, ఆ టేపు. దాని జిగురు వైపు పట్టాకు అతుక్కుని, పై వైపు కాగితం నూగు పట్టి, ఎండి గట్టిపడింది. ఒకవైపు అంచు కట్టర్ చక్రం గుద్దీ గుద్దీ పైకి లేచి ఉంది. మిగిలిన జిగురును తడి గుడ్డతో రుద్ది రుద్ది తీశాను.

ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపులో కోస్తోంది. వరుసగా ప్రింట్లు తీశాను, ఎర్ర గుర్తు రాలేదు.

పెన్న_గట్టు

18 వేల రూపాయల టేపు ముక్క. ఫ్రేము కట్టించి షాపులో పెట్టండి.

మరమ్మతుల_మావయ్య

సంతోషం. బెల్టు ఒకసారి చూడండి. చాలా కాలం గుద్దుకుని ఆగింది కాబట్టి పళ్లు ఏవైనా అరిగి ఉంటే రేపు మళ్లీ మొదలవుతుంది. అరిగితే బెల్టు ఒక్కటే మార్చుకోవచ్చు, యూనిట్ మొత్తం అక్కర్లేదు.

కర్నూలు_రోడ్డు

బ్లేడు కూడా చూడండి. నవ్వుకోండి ఎవరైనా, బ్లేడు చూడటం తప్పు కాదు.

ప్లాన్ల_షాపు_కావలి

కర్నూలు రోడ్డు అన్న మాటా తీసిపారేయలేము. 80 జీఎస్ఎం కాగితం నున్నగా తెగుతోంది కానీ, ట్రేసింగ్ మీద కోత అంచున సన్నటి పోగులు లేస్తున్నాయి.

కర్నూలు_రోడ్డు

చూశారా!

మరమ్మతుల_మావయ్య

అది బ్లేడే, ఒప్పుకుంటున్నాము. పాలిస్టర్ ఫిల్మ్ ఎక్కువ కోసినవాళ్లకు త్వరగా మొద్దుబారుతుంది. కాన్వాసు, మందపాటి ఫొటో కాగితం తీసేటప్పుడు మెనూలో కట్టర్‌ను ఆపేసుకుని చేత్తో కోసుకోండి. ప్రింటరు కట్టర్ పలుచటి కాగితం కోసం చేసింది, దాని చేత గోనెసంచి కోయించకూడదు.

మాగుంట_లేఅవుట్

అసలు ప్రమాదం ఎవరూ చెప్పడం లేదు. కాగితం ఆగితే కనిపిస్తుంది, చిరిగితే కనిపిస్తుంది. కానీ రోలర్ జారి కొలత తగ్గితే ఎవరికీ కనిపించదు. 1:100 ప్లానులో ఒక్క మిల్లీమీటరు తేడా అంటే స్థలంలో 10 సెంటీమీటర్లు. పాత గ్రామ పటాలు మైలుకు 16 అంగుళాల లెక్కన గీసినవి, అంటే 1:3960. అక్కడ మిల్లీమీటరు పోతే పొలం గట్టు దాదాపు 4 మీటర్లు జరిగినట్టే. మన దగ్గర గట్టు తగాదాలు ఎంత దూరం వెళతాయో మీకు తెలియనిది కాదు.

రోలర్లు తుడిచాక, కాగితం రకం మార్చాక, మెనూలో కాగితం నడక సరిచూసే పరీక్ష ఒకటి ఉంటుంది, అది తప్పక చేయండి. తర్వాత సరిగ్గా ఒక మీటరు గీత ప్రింటు తీసి స్టీలు స్కేలుతో కొలవండి. చెక్క స్కేలు, ప్లాస్టిక్ స్కేలు పనికిరావు. ప్రింటు తీసేటప్పుడు 'పేజీకి సరిపోయేలా' అన్న గడి టిక్కు తీసేసి ఉందో లేదో కూడా చూసుకోండి. కొలత తేడాల్లో చాలావరకు ఆ టిక్కు పుణ్యమే, యంత్రానికి ఏ పాపమూ తెలియదు.

ప్లాన్ల_షాపు_కావలి

ఇది మాత్రం రేపు పొద్దున్నే చేస్తాను. రీసర్వే పటాలు పట్టుకుని రైతులు రోజూ వస్తున్నారు.

ఫ్లెక్సీ_కందుకూరు

ఆయన సమస్య తీరింది కాబట్టి నాది వినండి. ఫ్లెక్సీ 40 అడుగుల బ్యానరు నడుస్తుంటే చివరికి వచ్చేసరికి ఎడమకు రెండంగుళాలు జరుగుతోంది. అడ్డంగా సన్నటి తెల్ల గీతలు కూడా పడుతున్నాయి. 2022లో ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పుడు గుడ్డ బ్యానర్లకు మారదామని ఒక రోలు తెచ్చాను, అదైతే రబ్బరులా సాగి ఇంకా ఘోరం. ఇప్పుడు రెండూ తీస్తున్నాను, రెండూ ఏడిపిస్తున్నాయి.

మరమ్మతుల_మావయ్య

తెల్ల గీత అంటే మెటీరియల్ అవసరానికి మించి ముందుకు పోతోంది, స్టెప్ (ఒక్కో విడతకు ముందుకు జరిపే దూరం) తగ్గించాలి. నల్ల గీత అయితే తక్కువ పోతోంది, పెంచాలి. ఫ్లెక్సీకి ఒక స్టెప్, గుడ్డకు ఒక స్టెప్. ఒకే అంకె రెండింటికీ పెట్టుకుని కూర్చుంటే ఏడుపు తప్పదు.

జరగడానికి ముందుగా కింద చుట్టుకునే గొట్టం చూడండి. బ్యానరు దానికి ఒక పక్క బిగువుగా, ఒక పక్క వదులుగా అంటించారేమో. టేపుతో అంటించేటప్పుడు మధ్యలో మొదట అంటించి, తర్వాత రెండు చివర్లూ అంటించాలి. పించ్ రోలర్ల ఒత్తిడి అన్నిచోట్లా ఒకేలా ఉందో లేదో, సన్నటి కాగితం పట్టీ ఒక్కో రోలర్ కింద పెట్టి లాగి చూస్తే తెలుస్తుంది. ఒకచోట సులువుగా వచ్చేస్తే అక్కడ స్ప్రింగు చచ్చిపోయింది. హీటరు మరీ ఎక్కువ పెట్టినా ఫ్లెక్సీ ఉబ్బుతుంది, ఉబ్బినచోట రోలర్ దొర్లుతుంది తప్ప పట్టదు.

ఫ్లెక్సీ_కందుకూరు

హీటరు వేడిగా పెట్టింది మా కుర్రవాడే. త్వరగా ఆరుతుందని.

గెలాక్సీ_దుమ్ము

అన్నిటికీ ఆ కుర్రవాడే బలి.

పొదిలి_ప్రింట్లు

ఫ్లెక్సీ రోళ్లను గోడకు ఏటవాలుగా ఆనించి పెడతారు చాలామంది. మధ్యలో వంగిపోతాయి. వంగిన రోలు తిన్నగా నడవదు. నేల మీద కాకుండా స్టాండు మీద పడుకోబెట్టి ఉంచండి.

స్టిక్కర్_సింగరాయకొండ

మధ్యలో దూరుతున్నాను. బండ్ల నంబరు స్టిక్కర్లు కోసే వినైల్ కట్టర్ ఉంది. అక్షరాల మూలలు తెగడం లేదు, పీకుతుంటే అక్షరం కూడా వచ్చేస్తోంది. బ్లేడు లోతు పెంచితే కింది కాగితం కూడా తెగి మెషిన్ లోపల ఇరుక్కుంటోంది.

నడవని_రోలు

మీది వేరే జాతి యంత్రం, కొత్తగా పోస్టు పెట్టండి. అయినా చెబుతాను: బ్లేడు బయటికి ఒక వినైల్ పొర మందమే కనిపించాలి, కింది కాగితం మీద గీత పడాలి కానీ తెగకూడదు. మూలలు తెగకపోవడానికి కారణం లోతు కాదు, ఆఫ్‌సెట్ అంకె. బ్లేడు మొన మధ్యగీతకు ఎంత పక్కగా ఉందో ఆ అంకె సరిగా ఇవ్వకపోతే మూలలు గుండ్రంగా తిరుగుతాయి. పక్క రోలర్లు కింద ఉన్న గరుకు చక్రాల మీదే ఉన్నాయో లేదో చూడండి. ఖాళీ చోట నొక్కితే వినైల్ కదలదు.

స్టిక్కర్_సింగరాయకొండ

ఆఫ్‌సెట్ అనేది ఒకటి ఉందని ఇప్పుడే తెలిసింది. ఎక్కడుంటుంది?

నడవని_రోలు

సాఫ్ట్‌వేర్‌లో బ్లేడు అమరికల కింద. కొత్త పోస్టు పెట్టండి బాబూ, ఇక్కడ ప్లాటర్లు నడుస్తున్నాయి.

మాగుంట_లేఅవుట్

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు మా కింది గది తడిసి కొన్ని రోళ్లు నీళ్లు తాగాయి. ఎండబెట్టి వాడొచ్చని ఎవరో చెబితే ఒకటి ఎక్కించారు మా వాళ్లు. పొరలు ఒకదానికొకటి అతుక్కుని, ఇంకు పూత ఊడి, ప్లేటెన్ మీద తెల్లటి పిండి. తడిసిన రోలును చిత్తుకాగితాలకు తూకం వేయడమే మేలు.

పెన్న_గట్టు

కావలి అన్నా, మీటరు గీత కొలిచారా?

ప్లాన్ల_షాపు_కావలి

కొలిచాను. సర్దుబాటుకు ముందు మీటరుకు దాదాపు రెండు మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. కాగితం రకం మెనూలో ఎవరో 'మందపాటి పూత కాగితం' అని పెట్టి ఉంచారు. మామూలు బాండుకు మార్చి, నడక పరీక్ష చేశాక ఇప్పుడు స్కేలు మీద గీత సరిపోయింది. మాగుంట మేడమ్ చెప్పకపోతే ఇది నా ఊహకు కూడా తట్టేది కాదు.

బెల్టు పళ్లు బాగానే ఉన్నాయి. బ్లేడు ఒక్కటి తెప్పిస్తున్నాను. అసలు కంపెనీది దొరికితే తీసుకోవాలా, బయట అమ్మేది సరిపోతుందా?

కర్నూలు_రోడ్డు

బయటిదే వాడుతున్నాను. ఏమీ కాలేదు.

పెన్న_గట్టు

థిన్నర్ గురించి కూడా ఇదే మాట అన్నారు మీరు.

మరమ్మతుల_మావయ్య

బయటి బ్లేడుతో నాకు పేచీ లేదు, కానీ ఇరుసు రంధ్రం కొలత తేడా లేకుండా చూడండి. వదులుగా ఉంటే బ్లేడు ఊగి కోత మెట్లుమెట్లుగా వస్తుంది. పాత బ్లేడు పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసి కొనండి. పోస్టులో తెప్పిస్తే తిరిగి తీసుకుంటారో లేదో ముందే అడగండి.

ఫ్లెక్సీ_కందుకూరు

స్టెప్ తగ్గించాము, తెల్ల గీతలు పోయాయి. జరగడం ఇంకా ఉంది, కానీ సగానికి తగ్గింది. పించ్ రోలర్లలో ఎడమ నుంచి మూడోదాని స్ప్రింగు వదులుగా ఉంది. ఆ స్ప్రింగు నెల్లూరులో ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్పగలరా?